కుంటిదొర వచ్చాడు

మార్చి సగం గడిచినా ఎర్రముక్కులు పోలేదు. పార్కుకి వచ్చిన ప్రతివాళ్ళూ ఇంకో నాలుగు రోజులు ఉండండర్రా అని వాటిని బతిమాలుతున్నారు. పొండి, త్వరగా పొండి, నా పరువు దక్కించండి అని లోలోపల మొక్కుకుంటున్నది నేనొక్కదాన్నే. మొక్కుకుంటూనే, నలుగురూ చూస్తున్నారని రొట్టెముక్కలు విసురుతున్నాను. ఇంతకన్నా దొంగముఖం కున్మింగ్ ఊళ్ళో ఇంకోటి ఉండదు.

ఎర్రముక్కులంటే సీగల్ పిట్టలు. చలికాలానికి ఉత్తరం నుంచి దిగుతాయి. చీకటి పడితే ఊరి బయటి పెద్ద సరస్సు మీదికి పోయి పడుకుంటాయి, తెల్లారగానే ఊరి నడుమ ఉన్న మా త్సుయ్‌హూ పార్కు చెరువు మీదికి వచ్చి వాలతాయి. ఉద్యోగానికి పోయేవాళ్ళ లాగే. మాలాంటి రిటైరైన వాళ్ళం కూడా ఆ వేళకే చేరతాం. నేను గట్టు మీది మంటపంలో కూర్చుని ఎర్హు వాయిస్తాను. దానికి ఉండేవి రెండే తీగలు. "నువ్వు వాయిస్తే ఆ రెండూ కూడా దండగేనే సూచిన్" అనేది జిన్‌లాన్ అక్క.

జిన్‌లాన్ నాకు తోడబుట్టిన అక్క కాదు. నూలు మిల్లులో ఆమెదీ నాదీ పక్కపక్క మిషన్లు. ఆ రొదలో పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకని మిల్లు ఆడవాళ్ళం పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. సూపర్‌వైజరు ఎదురుగా నిలబడి ఉంటే, అతని భుజం మీదుగా ఒకరినొకరం చూసుకుంటూ అతన్నే కడిగిపారేసేవాళ్ళం. రిటైరయ్యాక ఆ విద్య మళ్ళీ అవసరపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మంటపంలో కొండపాటలు పాడేది అక్కే. పిట్టల్ని పిలిచేదీ ఆమే. పాట అవగానే రెయిలింగు దగ్గరకు వచ్చి, అరచేతిలో రొట్టె పెట్టుకుని, "హోయ్... రారో...!" అని పిలిచేది. చివరి 'రో'ని ఎంత పైకి తీసుకెళ్ళేదంటే, చెరువు అవతలి ఒడ్డున ఎవరెవరో వేస్తున్న మేత వదిలేసి పిట్టలు గుంపుగా లేచి ఇటు వచ్చేసేవి. అవతలి ఒడ్డువాళ్ళు మమ్మల్ని తిట్టుకునేవాళ్ళు. "మీ గొంతుకి లైసెన్సు పెట్టాలమ్మా" అనేవాడు తావ్ అన్నయ్య. ఆయన మా గుంపులో వేణువు ఊదుతాడు, మెడలో ఎప్పుడూ బైనాక్యులర్స్ వేలాడుతుంటాయి, పిట్టల సంగతి తనకే తెలుసునంటాడు. నిజంగా తెలుసు కూడా.

కుంటిదొరని మొదట చూసింది అక్కే. ఎడమ పాదం లేని ఎర్రముక్కు. గాలం తీగ చుట్టుకుని తెగిపోయి ఉంటుందన్నాడు తావ్. మేం ఆ మాట చెబితే పార్కులో వాళ్ళు నవ్వారు. రెయిలింగు మీద వాలాక ప్రతి పిట్టా ఒంటికాలి మీదే నిలబడుతుంది, ఇందులో కుంటిదేదో మీకెలా తెలిసిందని వాళ్ళ ఎకసెక్కెం. వాలేటప్పుడు చూడాలి. మిగతావి రెండు ఎర్రటి పాదాలూ చాచి దిగితే, వాడు ఒక్క పాదం మోపి ఒక పక్కకి ఒరిగి, రెక్కతో సర్దుకునేవాడు. సర్దుకున్నాక మాత్రం మహారాజు. ఇంకోదాని ముక్కు దగ్గర లాక్కోడు, గాల్లో ఎగబడడు. తెచ్చి దగ్గర పెడితేనే తింటాడు. "దొరగారికి వడ్డించాలే" అని అక్కే పేరు పెట్టింది. ఆ తర్వాత వరసగా మూడు శీతాకాలాలు వాడు తిరిగొచ్చాడు. రాగానే అక్క అందరికీ కాల్చిన బియ్యపు అట్లు, కారం పూసి, తినిపించేది.

ఈ ఏడు వాడు రాలేదు. ఈ ఏడే అక్క గొంతు బొంగురు పోయింది.

జలుబన్నాం. మిరపకాయలు మానమన్నాం. డిసెంబరులో డాక్టర్లు చెప్పారు, స్వరపేటికలో పుట్టకూడనిది పుట్టిందని. మొత్తం తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. తీయకపోతే రెండూ దక్కవు. అక్క కూతురు మింగ్‌యూ ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. అక్క మాత్రం కోటు గుండీలు పెట్టుకుని, "పదండి, ఆకలేస్తోంది" అని నూడిల్స్ కొట్టుకి దారి తీసింది.

కోయించుకోమని ఎవరు చెప్పినా వినలేదు. నేనూ వెళ్ళి బతిమాలాను.

"గొంతు లేకపోతే ఏమైందక్కా? మనిషివి ఉంటావు కదా!"

"నోర్మూసుకోవే. నీ ఎర్హు ఎవరైనా ఎత్తుకుపోతే ఊరు పండగ చేసుకుంటుంది. నా గొంతు పోతే ఎవరికే లాభం?"

"మింగ్‌యూ మొహం చూడు ఒకసారి."

"చూస్తూనే ఉన్నా. మూగదాన్ని పెట్టుకుని అదేం సుఖపడుతుంది? నేను దాన్ని కేకలెయ్యకపోతే దానికి తిండి సయించదు."

అలా నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి ఆగింది. కిటికీలోంచి బయటకు చూస్తూ అడిగింది.

"కుంటిదొర వచ్చాడా?"

"ఇంకా లేదు."

"వాడు వస్తే కోయించుకుంటా."

"ఇదేం లెక్క?"

"లెక్కే. పాదం ఊడిపోయినా అంత దూరం పోయి మళ్ళీ వస్తున్నాడు చూడు, వాడు ఈసారి కూడా వచ్చాడంటే, ఒకటి పోగొట్టుకుని బతకొచ్చన్నమాట. రాలేదనుకో, నా గొంతు నాతోనే వస్తుంది. ఇంక నన్ను విసిగించకండి."

అక్క మొండిది. మిల్లులో ఒకసారి వానకోటు ఇవ్వలేదని మూడు నెలలు తడుస్తూనే వచ్చింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నదే. చలిగాలి తగిలితే దగ్గు ఆగడం లేదని మింగ్‌యూ ఆమెను పార్కుకి పంపలేదు. అందుకని చూసిరావడం నా పని అయింది.

ఇంక చూడండి నా అవస్థ. ఎర్హు పక్కన పడేసి, తావ్ బైనాక్యులర్స్ లాక్కుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రెయిలింగు పట్టుకుని నిలబడేదాన్ని. వాలే ప్రతి పిట్ట కాళ్ళూ చూసేదాన్ని. వేల పిట్టలు. రెండేసి కాళ్ళు, రెండేసి కాళ్ళు, రెండేసి కాళ్ళు. ఒక్కదానికైనా పాదం తెగిపోకూడదా అని కోరుకున్న రోజు కూడా ఉంది, ఆ పాపిష్టి మాట ఎవరితోనూ అనలేదు. సాయంత్రం అక్క ఇంటికి పోయి, ఆశగా చూస్తున్న ఆ మొహంలోకి చూసి లేదని చెప్పడం, మర్నాడు మళ్ళీ అదే. ఇవాళ కాకపోతే రేపొస్తాడులే అని ఆమే నన్ను ఊరడించేది. జనవరి వచ్చింది. ఇంక ఆలస్యం చేస్తే కోసినా లాభం ఉండదన్నారు డాక్టర్లు. ఆ రోజు మెట్ల దగ్గర మింగ్‌యూ నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, అమ్మ మీ మాట ఒక్కటే వింటుంది" అంది. అంతే అంది. అబద్ధం చెప్పమని ఆ పిల్ల అనలేదు, ఆ నింద దాని మీద వెయ్యను.

లోపలికి వెళ్ళాను. అక్క దుప్పటి కప్పుకుని కూర్చుని టీ తాగుతోంది.

"వచ్చాడా?"

"వచ్చాడు" అన్నాను.

నా నోరు పడిపోను, ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! అక్క కప్పు కింద పెట్టింది. మిల్లులో దారం తెగిన చోటు వెతికేటప్పుడు చూసేదే, అలా చూసింది నన్ను.

"ఏ పాదం లేదు?"

"ఎడమది."

"ఎక్కడ వాలాడు?"

"మన రెయిలింగు మీదే. ఒరిగాడు, రెక్కతో సర్దుకున్నాడు."

"పిలిచావా?"

"నా గొంతుకి ఎవడొస్తాడక్కా? వాడే వచ్చాడు. రొట్టె తీసుకెళ్ళి దగ్గర పెట్టాను. దొరగారు కదా, తీరిగ్గా తిన్నాడు."

అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "అయితే సంతకం పెట్టేస్తానే" అంది. వంటింట్లో మింగ్‌యూ చేతిలోంచి గిన్నె జారి పడిన చప్పుడైంది.

ఆమెను బతికించడానికే చెప్పానని అందరికీ చెప్పుకోవచ్చు. నాకు నేను చెప్పుకోలేను. రోజూ ఆ మొహంలోకి చూసి లేదనే పని ఇంక నావల్ల కాక చెప్పాను. ఒక్క సాయంత్రమైనా ఆమె సంతోషపడితే చూసి ఇంటికి పోదామని చెప్పాను. ఆమె గొంతు గురించి ఆ క్షణంలో నాకు ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు అక్క నన్ను ఎర్హు తెమ్మంది. కూర్చోబెట్టి, తనకు వచ్చిన కొండపాటలన్నీ ఒక్కొక్కటే పాడింది. గొంతు బొంగురుగా ఉంది, పైకి పోవాల్సిన చోట చీలిపోతోంది. అయినా ఏ పాటా వదల్లేదు. నేను శ్రుతి తప్పినప్పుడల్లా అరచెయ్యి పైకెత్తి ఇంకా పైకి, ఇంకా పైకి అని చూపించింది, ఎప్పటిలాగే. ఆఖరి పాట అయ్యాక గోడ వైపు తిరిగి, "చాలు" అంది. అక్కా, వాడు రాలేదు అని చెప్పడానికి అదే సమయం. ఎర్హు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆపరేషన్ జరుగుతుంటే నేను ఆ నడవాలో కూర్చుని ఒకటే అనుకున్నాను. ఈవిడ లోపలే పోతే చంపింది నేను. బతికి బయటకు వస్తే గొంతు కాజేసింది నేను. ఎటు తిరిగినా దొంగని నేనే. మింగ్‌యూ నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఆ తల బరువు నేను మొయ్యలేకపోయాను.

బతికింది. మెడ కింద చిన్న రంధ్రం, అందులోంచే ఊపిరి. కళ్ళు తెరిచి పెదాలు కదిపింది. నర్సుకి అర్థం కాలేదు. "నొప్పిగా ఉందా? నీళ్ళు కావాలా?" అని మింగ్‌యూ కంగారు పడిపోయింది. నాకు అర్థమైంది. మిల్లు అలవాటు.

'దొర తిన్నాడా?' అని అడుగుతోంది.

"తిన్నాడక్కా" అన్నాను. "కడుపు నిండా."

ఇక అక్కణ్ణుంచి ఆ అబద్ధానికి రోజూ మేత వెయ్యడం నా బతుకైపోయింది. ఇవాళ దొర ఎవరితో తగువుపడ్డాడు, ఎక్కడ కూర్చున్నాడు, ఎంత ఒళ్ళు చేశాడు. పార్కులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. దొర రాలేదని తావ్‌కి తెలుసు, కానీ వచ్చాడని నేను చెప్పానని తెలియదు. మింగ్‌యూకి నేను చెప్పానని తెలుసు, వాడు రాలేదని తెలియదు. "పిన్నీ, మీరు ఆ మాట మోసుకురాకపోతే అమ్మ ఇవాళ లేదు" అని గులాబీ రేకుల తీపి బిళ్ళలు పెట్టె నిండా తెచ్చిచ్చింది ఆ పిల్ల. ఒక్కటి నోట్లో వేసుకుంటే గొంతు దిగలేదు. మిగతావి పక్కింటివాళ్ళకి పంచేశాను.

మార్చి వచ్చింది. పిట్టల తలలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. పోయే ముందు అవి అలా తలకి నల్లటోపీ పెట్టుకుంటాయి. దక్షిణపు గాలి మొదలైంది. అక్క పెదాలతో చెప్పింది, 'దొర పోయేలోపు నన్ను తీసుకెళ్ళండి.' డాక్టరు ఒక్క పూటకి సరేనన్నాడు. మింగ్‌యూ ఆదివారం అనుకుంది.

ఆదివారంలోపు పిట్టలు పోతే బతికిపోతాను. దొర నిన్ననే వెళ్ళాడక్కా, నీకోసం చూసి చూసి వెళ్ళాడు అనేస్తాను. ఆ మాట కూడా తయారు చేసి పెట్టుకున్నాను, చూడండి నా తెలివి. కానీ అవి కదలవే! మేఘంలా లేస్తాయి, ఒక చుట్టు తిరుగుతాయి, మళ్ళీ వచ్చి రొట్టె అడుగుతాయి. శుక్రవారం నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండగొడుగు ఠప్పున తెరిచి, మూసి, తెరిచి, "ఉష్! ఉష్! పొండి మీ ఊరికి!" అని రెయిలింగు పొడుగునా తరిమాను.

"ఏమ్మా, మతిపోయిందా? ఊరంతా ముద్దు చేసే పిట్టల్ని తోలుతున్నావు!" అని ఒకావిడ నా మీదికి వచ్చింది.

"ఫొటో తీసుకుంటున్నాం, మా ఫొటో అంతా చెడగొట్టింది ముసల్ది" అని ఇంకొకడు.

పార్కు కాపలావాడు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మా, ఈ పిట్టలు మీకేం అపకారం చేశాయి?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తావ్ వచ్చి, "మా చెల్లాయిలే, ఎండదెబ్బ" అని సర్దిచెప్పి, నన్ను మంటపంలోకి లాక్కుపోయాడు.

"ఏంటిది సూచిన్?"

చెప్పేశాను. మొదటినుంచి చివరిదాకా. ఆయన చాలాసేపు వేణువుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"తప్పు చేశావు."

"తెలుసు."

"నిజం చెప్పేస్తావా?"

"చెప్పలేనన్నా. మెడకి ఆ కట్టు చూసి ఎలా చెప్పను?"

ఆయన చెరువు వైపు చూశాడు. తగ్గుగొంతుతో అన్నాడు. "వాలిన పిట్టకే కాళ్ళు కనపడతాయి. నీళ్ళ మీద తేలే పిట్టకి కనపడవు."

నేను ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు.

"పైగా టోపీలు పెట్టేశాయి కదా, మొహాలన్నీ ఒకటే. దూరంగా తేలేదాన్ని చూపించు. ఒక్క పూట. ఆవిడ చూసుకుని వెళ్ళిపోతుంది, పిట్టలూ పోతాయి. నేనేం అనలేదు, నేనేం వినలేదు."

ఆదివారం వచ్చింది. అక్క మింగ్‌యూ చెయ్యి పట్టుకుని నడిచే వచ్చింది. సగమైపోయింది మనిషి. మెడ చుట్టూ తెల్లటి పల్చటి గుడ్డ కట్టుకుంది. పార్కు పార్కంతా ఆమె చుట్టూ చేరింది. "బాగున్నారా జిన్‌లాన్‌గారూ!" అని ఒకరు, "రంగు తేలారండీ!" అని ఒకరు, అందరూ గొంతు చించుకుని అరిచి మాట్లాడుతున్నారు.

అక్క నా వైపు తిరిగి పెదాలు కదిపింది. 'వీళ్ళకి చెప్పవే, నాకు పోయింది చెవులు కాదని.'

నేను నవ్వబోయి నవ్వలేకపోయాను. మంటపంలో మావాళ్ళు పాట మొదలుపెట్టబోయి, ఆమెను చూసి, ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. ఆమె కానివ్వండని చెయ్యి ఊపింది. ఎవరూ పాడలేదు. రెయిలింగు దగ్గరకు వచ్చాం.

'ఏడీ?'

ఎండిన తామర కాడల పక్కన, దూరంగా, ఒక పిట్ట ఒంటరిగా తేలుతోంది. "అదుగో అక్కా. అదే. టోపీ పెట్టుకున్నాడు కదా, మొహం మారింది" అన్నాను. తావ్ బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని ఇంకెటో చూస్తున్నాడు.

అక్క చూసింది. ఎంతసేపు చూసిందో! మొహమంతా విప్పారింది. రెయిలింగు మీదికి వంగి ఆ పిట్టతో మాట్లాడటం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా, పెదాలతో. పక్కన నిలబడ్డవాళ్ళకి ఏమీ తెలియదు. నాకు ప్రతి మాటా తెలుస్తోంది. తల తిప్పేసుకుందామంటే తిప్పలేకపోయాను.

'వచ్చావురా నాయనా. నువ్వొచ్చావు కాబట్టే నేనున్నాను. నువ్వు రాకపోతే ఒప్పుకునేదాన్ని కాదు. నువ్వు పాదం ఇచ్చావు, నేను గొంతిచ్చాను, ఇద్దరం సరిసమానం. దారిలో జాగ్రత్త.'

ఇంతలో అక్క సంచిలోంచి రొట్టె తీసి, ఒక ముక్క తుంచి, ఉన్న బలమంతా పెట్టి దాని వైపు విసిరింది. వద్దు అనబోయాను. ముక్క నీళ్ళలో పడేలోపే ఆ పిట్ట లేచింది. రెండు పాదాలూ నీటిని తన్ని లేచింది. ఎర్రటి పాదాలు రెండూ వేలాడేసుకుని, ముక్కని గాల్లో ఎగబడి అందుకుని, మా తలల మీదుగా వెళ్ళింది. రెండూ చక్కగా, నిండుగా, ఎండలో మెరుస్తూ.

అక్క దాన్ని చివరిదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది.

అయ్యో, పొరపాటు పడ్డానక్కా, అది కాదు, ఇంకోటి అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె నా పెదాల వైపే చూస్తోంది, మిల్లులో చూసినట్టు. ఆ చూపు ముందు అది బయటికి రాలేదు.

"రాలేదక్కా" అన్నాను. "ఈ ఏడు వాడు రానేలేదు. అబద్ధం చెప్పాను."

"పిన్నీ!" అంది మింగ్‌యూ.

"నేను రోజూ వెతికాను. లేడు. నువ్వు బతకాలని..." ఇంకా ఏదో అనబోయాను. అదీ పూర్తి నిజం కాదని గుర్తొచ్చి ఆపేశాను. "తిట్టక్కా. నన్ను తిట్టు. నాకు తెలుస్తుంది, నువ్వు పెదాలు కదిపితే చాలు."

మిల్లులో ఒక్క దారం తెంపితే నా ఏడు తరాల్నీ ఉతికి ఆరేసిన మనిషి ఆమె. ఇప్పుడు పెదాలు బిగించుకుంది. కావాలనే బిగించుకుంది. తిడితే నాకెంత తేలికైపోతుందో ఆమెకు తెలుసు. చెరువు వైపు తిరిగి నిలబడిపోయింది.

అప్పుడే తావ్ కేక వేశాడు. "లేస్తున్నాయి! చూడండి, పైకి!"

చెరువు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఈసారి ఒక చుట్టుతో ఆగలేదు. గుండ్రంగా తిరుగుతూ, పైకి, ఇంకా పైకి పోతున్నాయి. పోయే రోజు అలాగే పోతాయి. జనం ఫోన్లు ఎత్తారు. నేను ఇన్నాళ్ళూ మొక్కుకున్నది ఇదే. ఇప్పుడు వచ్చింది.

అక్క తలెత్తి చూసింది. చేతిలో రొట్టె అలాగే ఉంది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి చాచి, గుండె నిండా గాలి పీల్చి, నోరు తెరిచింది. 'హోయ్' అని పెదాలు గుండ్రంగా తిరిగాయి. మెడకి కట్టిన తెల్లగుడ్డ ఒకసారి ఎగిరి పడింది. అంతే. ఇంకే చప్పుడూ రాలేదు.

నోరు మూసుకుంది. గుడ్డని వేలితో సర్దుకుంది. నా వైపు తిరిగి, ఇంతసేపటికి, ఒక్క మాట అంది.

'పిలువు.'

"నేనా?"

'నువ్వే.'

"నా గొంతుకి అవి రావక్కా..."

ఆమె చూపుడువేలు నా గొంతు మీద పెట్టింది. చల్లగా ఉంది వేలు.

"హోయ్... రారో..." అన్నాను. పిల్లి పీక నొక్కినట్టు వచ్చింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క అరచెయ్యి పైకెత్తింది. ఇంకా పైకి. మళ్ళీ పిలిచాను. ఇంకా పైకి. సిగ్గు వదిలేసి, రెయిలింగు పట్టుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను. పైన తిరుగుతున్న గుంపు అంచు నుంచి కొన్ని పిట్టలు విడిపోయి కిందికి దిగాయి. అక్క రొట్టె విసిరింది. దిగిన ప్రతిదాని కాళ్ళూ చూసింది. నేనూ చూశాను. రెండేసి కాళ్ళు.

మిగతావి ఉత్తరం వైపు సాగిపోయాయి. దిగినవి కూడా తినేసి వాటి వెనకే వెళ్ళాయి. చెరువు ఖాళీ అయింది. అయిపోయిందనుకుని నేను రెయిలింగు వదిలాను.

అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. పెదాలు నెమ్మదిగా, నాకు తప్పకుండా తెలిసేలా కదిపింది.

'ఇప్పుడు వాడి పేరు పెట్టి పిలువు.'

"అక్కా, వాడు..."

'పిలువు.'

పిలిచాను. "కుంటిదొరా... రారో...!" అని పార్కంతా వినేలా పిలిచాను. జనం వింతగా చూశారు. మింగ్‌యూ మొహం చేతుల్లో దాచుకుంది. తావ్ వేణువు సంచిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఆగినప్పుడల్లా ఆమె అరచెయ్యి మళ్ళీ పైకి లేచింది, నేను మళ్ళీ పిలిచాను. నా గొంతు బొంగురుపోయింది, తర్వాత చీలింది, ఆఖరికి గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆమె చెయ్యి దించి, రొట్టె సంచి మడిచి, కూతురితో ఇంటికి బయల్దేరింది.

నేను వాళ్ళ వెనకాలే నడిచాను. ఆమె రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.